ఐదు కంటే తక్కువ

ఆస్ట్రేలియాలో మా క్రాన్‌బర్న్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో నాకో ముద్దుపేరు ఉంది. నా ముందు ఎవరూ అనరు. ఒకసారి ఒకాయన వాళ్లావిడకి పంపబోయి పొరపాటున గ్రూపులోనే పెట్టేస్తే తెలిసింది: 'సోర్సుగారు'. మెంతులు నానబెట్టి తాగితే షుగర్ మాయమవుతుందని ఎవరైనా ఫార్వర్డ్ పెడితే, ఫలానా దేశంలో నూటికి ఇంతమందికి ఇలా అయిందని అంకెలు పెడితే, మిగతావాళ్లు దండం బొమ్మలు పెట్టేలోపు నేను ఒక్క ముక్క పెట్టేవాణ్ని. "సోర్స్?" అంతే. ఆ ముక్క పెట్టాక తాగే టీ రుచే వేరు.

ఇంత పొగరుకి తగ్గ ఉద్యోగమా అంటే అదీ కాదు. సరుకు లారీలు ఎక్కడ ఎంతసేపు ఆగాయో లెక్కలు తీసి, రంగురంగుల గ్రాఫులు గీసి మేనేజర్లకి చూపించడం నా పని. ప్రజారోగ్యానికీ నాకూ మధ్య ఉన్న చుట్టరికమల్లా మా అత్తగారొక్కరే.

అత్తగారిది తెనాలి దగ్గర ఊరు. నాలుగేళ్ల కిందట మా దగ్గరికి వచ్చేశారు, షుగర్ కూడా ఆవిడతో పాటే విమానం ఎక్కి వచ్చింది. మా ఆవిడ పనిచేసే చైల్డ్‌కేర్‌లో షిఫ్టులు కుదరక, హెల్త్ సెంటర్‌కి ఆవిడని తీసుకెళ్లే పని నాకు పడింది. పడింది అంటున్నాను కానీ నాకది భలే ఇష్టమైన పని. డాక్టర్‌కీ ఆవిడకీ మధ్య కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ని. అత్తగారు మొదలుపెడితే ఐదు నిమిషాలకి తక్కువ కాకుండా చెప్పేవారు. పొద్దున లేవగానే నోరు ఎండిపోతోందనీ, ఈ దేశపు కందిపప్పు సరిగా ఉడకదనీ, నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదనీ, వాళ్ల చెల్లెలికి కూడా ఇలాగే ఉండేదనీ, మాత్ర వేసుకున్నాక కడుపులో తిప్పుతోందనీ. లారీలు ఎన్ని గంటలు తిరిగినా ఒక్క పేజీలో తేల్చే అలవాటున్నవాణ్ని కదా, నేను డాక్టర్ వైపు తిరిగి ఒక్క వాక్యంలో తేల్చేసేవాణ్ని. కొంచెం నీరసం, కొంచెం కాళ్ల నొప్పులు, వయసు కదా అని. "అంతా చెప్పారా బాబూ?" అని అడిగేవారు ఆవిడ. అంతా చెప్పానండీ అనేవాణ్ని.

ఆ సెంటర్‌లోనే పై అంతస్తులో మంగళవారం మంగళవారం తెలుగులో షుగర్ క్లాసు జరిగేది. ఒక నర్సు చెబుతుంది, పక్కన కూర్చున్న ఇంటర్‌ప్రెటర్ తెలుగులో చెబుతుంది. మా చుట్టుపక్కల ఇళ్లలోని అమ్మలూ అత్తలూ అక్కడికి చేరేవారు, ఒకరిద్దరు మామగార్లు కూడా. అల్లుడి సాయం లేకుండా అత్తగారు నోరు విప్పే చోటు ఈ దేశంలో అదొక్కటే. ఇడ్లీలు ఎన్ని తినొచ్చు, ఆవకాయలో ఉప్పు సంగతేమిటి, రోజూ పాదాలు ఎందుకు చూసుకోవాలి, అన్నీ నేర్చుకుని వచ్చి మా ఇంట్లో మాకు క్లాసు పీకేవారు. మంగళవారం సాయంత్రం ఆవిడ గొంతు మామూలుకంటే ఒక మెట్టు పైనే ఉండేది.

అలాంటిది ఒక మంగళవారం ముఖం వేలాడేసుకుని వచ్చి ఒక కాగితం నా చేతిలో పెట్టారు. ప్రయోగంగా మొదలుపెట్టిన క్లాసు ఈ టర్ముతో ఆగిపోతుందట. కొనసాగించాలంటే, తెలుగులో చెప్పాల్సిన అవసరం ఈ చుట్టుపక్కల ఎంతమందికి ఉందో నమ్మదగ్గ లెక్కలు చూపించాలట. నేను చదివి చెప్పగానే ఆవిడ కుర్చీలో కూలబడ్డారు.

"మా అల్లుడుగారు చూసుకుంటారని అందరికీ చెప్పొచ్చాను బాబూ. మీకు లెక్కలేగా పని" అన్నారు.

శని ఆదివారాలు ఇవ్వండి చాలు అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా భుజాలు ఎంత వెడల్పయ్యాయో మా ఆవిడ ఇప్పటికీ చేసి చూపిస్తుంది.

శనివారం ఇంటర్నెట్‌లో కూర్చున్నాను. తెలుగువాళ్లలో షుగర్ ఎంతమందికి ఉందో చెప్పే అంకె పది నిమిషాల్లో దొరికింది. వెబ్‌సైటు చూడముచ్చటగా ఉంది, కింద ఆధారం కూడా ఇచ్చారు. ఆ ఆధారం నొక్కితే ఇంకో వెబ్‌సైటు. అది ఒక పత్రిక వ్యాసం చూడమంది. ఆ వ్యాసం ఏదో క్లినిక్ ప్రకటన చూడమంది. ఆ ప్రకటన కింద ఆధారం నొక్కితే తిరిగి తిరిగి మొదటి వెబ్‌సైటుకే వచ్చాను. అత్త చెప్పిందని కోడలు, కోడలు చెప్పిందని అత్త. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవకుండా గుండ్రంగా తిరిగానన్న మాట.

ఆదివారం బుద్ధిగా ప్రభుత్వం వాళ్ల లెక్కలు తీశాను. ఆరోగ్య సర్వే పట్టికల్లో మనల్ని పుట్టిన దేశాన్ని బట్టి లెక్కేస్తారు. అదీ మన దేశం ఒక్కటే కాదు, చుట్టుపక్కల దేశాలన్నీ కలిపి ఒకే సంచిలో వేశారు. అందులో తెనాలిని వెతకడం నావల్ల కాలేదు. సెన్సస్‌లో మాత్రం ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్న ప్రశ్న ఉంది, తెలుగుకి విడిగా వరుస ఉంది. సంతోషించబోయి ఆగాను. ఎంతమంది మాట్లాడతారో అది చెబుతుంది కానీ, ఎవరికి షుగర్ ఉందో, ఎవరికి ఇంటర్‌ప్రెటర్ కావాలో దానికేం తెలుసు? పైగా అప్పుడే ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆ ఫారం మా ఇంట్లో నింపింది నేనే. నింపుతూ పిల్లలిద్దర్నీ అన్నానికి పిలిస్తే "కమింగ్, డాడ్" అన్నారని ఒళ్లు మండి, వాళ్లిద్దరి పేర్ల పక్కన ఇంగ్లీషు మాత్రమే అని పెట్టాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, నాలో నేనే మింగేశాను.

ఇక మిగిలింది ఒక్కటే దారి. హెల్త్ సెంటర్‌లో పేరు నమోదు చేసేటప్పుడు ప్రతి మనిషినీ ఏ భాష కావాలి, ఇంటర్‌ప్రెటర్ కావాలా అని అడిగి రాసుకుంటారు. ఆ లెక్క ఇవ్వమని ఉత్తరం పెట్టాను. రెండు వారాలకి పట్టిక వచ్చింది. భాషలన్నీ వరుసగా ఉన్నాయి. తెలుగుకి ఎదురుగా, ఇంటర్‌ప్రెటర్ కావాలన్నవాళ్ల గడిలో, 'ఐదు కంటే తక్కువ' అని ఉంది. మరీ చిన్న అంకె అయితే ఆ మనుషులెవరో తెలిసిపోతారని అసలు అంకె వేయరని కింద రాశారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మంగళవారం ఆ గదిలో కుర్చీలు చాలక మా అత్తగారు కిటికీ గట్టు మీద కూర్చుంటున్నారే, ఐదు కంటే తక్కువేమిటి! కూర్చుని నాలుగు పేజీల ఉత్తరం రాశాను. రిసెప్షన్‌లో వాళ్లకి శ్రద్ధ లేదన్నాను. మనందరి భాషా హిందీయే అనుకుంటారన్నాను. లారీల కంపెనీలో ఇలాంటి డేటా ఇస్తే ఉద్యోగం ఊడుతుందన్నాను. గ్రూపులో కూడా, "వాళ్ల డేటా అంతా తప్పు, నేను చూసుకుంటాను" అని పెట్టాను. ఎన్నడూ లేనిది నాకు చప్పట్ల బొమ్మలు వచ్చాయి, సోర్స్ ఏమిటని ఒక్కరూ అడగలేదు.

క్లాసులు చూసుకునే ఆవిడతో మాట్లాడడానికి నాకు సమయం ఇచ్చారు. నేనూ వస్తానని అత్తగారు పట్టుచీర కట్టుకుని బయల్దేరారు. ఆ ఆస్ట్రేలియా ఆవిడ నా నాలుగు పేజీలూ ఓపిగ్గా చదివింది. కోపం తెచ్చుకోలేదు. రిసెప్షన్‌లో వాళ్లు సొంతంగా ఏమీ రాయరని, ఇంటివాళ్లు చెప్పిందే రాస్తారని అంది. తర్వాత, అత్తగారికి అభ్యంతరం లేకపోతే ఉదాహరణకి ఆవిడ వివరాలే చూద్దామంది. నేను అడిగితే అత్తగారు తల ఊపారు. కంప్యూటర్ తెర మా వైపు తిప్పింది.

భాష: ఇంగ్లీషు. ఇంటర్‌ప్రెటర్: అక్కర్లేదు.

నమోదు చేయించిన రోజు కళ్ల ముందుకొచ్చింది. కౌంటర్ దగ్గర అమ్మాయి మర్యాదగానే అడిగింది. వెనక ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. ఇంటర్‌ప్రెటర్ ఎందుకు, నేను లేనూ అని నవ్వుతూ చెప్పింది నేనే. భాష అంటే ఇంగ్లీషు రాసుకోమన్నదీ నేనే. మా ఇంటి ఆడవాళ్లకి ఇంగ్లీషు రాదని నలుగురిలో చెప్పడానికి నామోషీ. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే కాబోలు, పైగా నేను ఊరందర్నీ తిట్టి మరీ వెతికాను.

"ఏమంటోంది బాబూ?" అన్నారు అత్తగారు.

కంప్యూటర్‌లో ఏదో చిన్న తప్పు పడిందండీ అన్నాను. ఎవరు చేశారట అన్నారు. నా జన్మలో చేసిన అతి కష్టమైన అనువాదం అదే.

"నేనేనండీ" అన్నాను.

విషయం మొత్తం చెప్పాక ఆవిడ తెర వైపు తిరిగారు. కోప్పడి ఉంటే బాగుండేది. "అదా సంగతి. ఆ డాక్టరమ్మ నా మొహం చూసి ఒక్క ముక్కయినా మాట్లాడదేంటి, ఇంత పొగరేంటి అనుకున్నాను ఇన్నాళ్లూ" అన్నారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

ఆ వారమంతా ఇంటింటికీ ఫోన్లు చేశాను. గురివింద గింజలం, అందరం ఒకే తీగవాళ్లం. ప్రతి ఇంట్లోనూ కొడుకో కూతురో అల్లుడో అక్కర్లేదనే రాయించారు. మా అమ్మ టీచరుగా రిటైరైంది, ఆవిడకి ఇంగ్లీషు రాదని రాయించమంటారా అని ఒకాయన నాతో మాటలు మానేశాడు. అలా రాయిస్తే వీసాకి ఇబ్బందట అని గ్రూపులో ఇంకొకాయన పెట్టాడు. సోర్స్ అని టైపు చేసి, చెరిపేశాను.

నావల్ల కానిది అత్తగారు చేశారు. మంగళవారం క్లాసు అవగానే అందర్నీ వెంటపెట్టుకుని కింద కౌంటర్ దగ్గర వరుసగా నిలబెట్టారు. ముందుగా తనే వెళ్లి, ఇంటర్‌ప్రెటర్ దగ్గర నేర్చుకున్న మాటల్ని గట్టిగా చెప్పారు. "ఐ స్పీక్ తెలుగు. ఇంటర్‌ప్రెటర్, యెస్." వెనకాల ఉన్నవాళ్లంతా అదే పాఠం ఒప్పజెప్పారు. నాతో మాటలు మానేసినాయన తల్లి కూడా వాళ్లలో ఉంది. తర్వాత వచ్చిన పట్టికలో తెలుగు వరుసలో దాచక్కర్లేని అంకె కనబడింది. క్లాసు ఇంకో ఏడాది నడుస్తుందని చెప్పారు. నేను గీసిన గ్రాఫులు ఎవరూ అడగలేదు.

కథ అక్కడితో అయిపోయి ఉంటే నేను దాన్ని ఇంత కులాసాగా ఎప్పుడో గ్రూపులో చెప్పుకుని ఉండేవాణ్ని.

మరుసటి నెల డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు నా కుర్చీ గోడవారకి జరిగింది. బల్ల మీద ఫోను పెట్టారు. అందులోంచి ఇంటర్‌ప్రెటర్ గొంతు, గోదావరి యాసలో, బాగున్నారామ్మా అంది. డాక్టర్ మొదటిసారి అత్తగారి కళ్లలోకి చూస్తూ ఎలా ఉన్నారని అడిగింది. అత్తగారు మొదలుపెట్టారు. నోరు ఎండిపోవడం, కందిపప్పు, చెల్లెలు. ఫోనులోని ఆ అమ్మాయి దేన్నీ తేల్చెయ్యలేదు, ఒక్క మాట వదలకుండా ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయింది. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియదు, వెనక్కి తిరిగి చూస్తేనే తెలుస్తుంది అన్న మాట దగ్గర డాక్టర్ టైపు చేయడం ఆపింది. ఎప్పటినుంచి అని అడిగింది. పోయిన దసరా ముందు నుంచీ అన్నారు అత్తగారు.

డాక్టర్ మేజోళ్లు తీయించి, కళ్లు మూసుకోమంది. సన్నని నైలాన్ దారం లాంటిది వంగేదాకా పాదం మీద ఆనిస్తానని, తగిలినప్పుడల్లా చెప్పమని అంది. కుడి పాదం మీద రెండు మూడు చోట్ల చెప్పగలిగారు. ఎడమ పాదం మీద డాక్టర్ బొటనవేలి దగ్గర ఆనించింది. దారం వంగింది. మడమ దగ్గర ఆనించింది, అక్కడా వంగింది. అత్తగారు కళ్లు మూసుకుని, బడిలో పిల్లలా శ్రద్ధగా ఎదురుచూస్తున్నారు. దారం ఐదోసారి వంగాక అడిగారు.

"ఇంకా మొదలుపెట్టలేదామ్మా?"

పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు కానీ పాదాన్ని కాపాడుకోవచ్చని, రోజూ ఎవరో ఒకరు అరికాళ్లు చూడాలని, దెబ్బ తగిలితే ఆ రోజే రావాలని డాక్టర్ చెప్పింది. నేను చూస్తాను అన్నాను, నన్నెవరూ అడగకుండానే. తర్వాత డాక్టర్ కంప్యూటర్‌లో పాత కాగితాలు వెనక్కి తిప్పి ఒకచోట ఆగి, పైకి చదివింది. ఆ గదిలో అన్న ప్రతి మాటా అత్తగారికి చెప్పడం ఇంటర్‌ప్రెటర్ ధర్మం. ఆ అమ్మాయి చెప్పింది.

"పోయినేడు రాసినదాంట్లో కాళ్ల నొప్పులు తప్ప పాదాలకి ఏ ఇబ్బందీ లేదని ఉందమ్మా. ఆ సమాచారం ఇచ్చింది అల్లుడుగారని ఉంది."

అత్తగారు ఇంకా కళ్లు తెరవలేదు. "ఆయన మంచివారేనమ్మా. అది కూడా రాసుకోమని చెప్పు" అన్నారు.

ఇంటర్‌ప్రెటర్ అది కూడా ఇంగ్లీషులో చెప్పింది. డాక్టర్ వేళ్లు మళ్లీ కీబోర్డు మీద కదిలాయి. ఏం రాసిందో నేను చూడలేదు.