మూడో పేజీలో పెట్టని గుర్తు

కరోనా సెలవులు ముగిసి పిల్లలు మళ్ళీ బడి మెట్లెక్కిన ఏడాది అది. గల్ఫ్‌లోని సీబ్ అనే ఊళ్ళో మనవాళ్ళ పిల్లలు చదివే ఒక ఇండియన్ స్కూల్ ఆఫీసులో నేను క్లర్కుగా చేరి అప్పటికి నాలుగో సంవత్సరం. అద్దాల కౌంటరు వెనక నా కుర్చీ, బల్ల మీద స్టాంపు, పెన్సిలు, డ్రాయర్లో అమ్మవారి చిన్న పటం. పొద్దున్నే ఆ పటానికి దణ్ణం పెట్టుకున్నాకే కంప్యూటరు తెరిచేదాన్ని.

ఆ కుర్చీ దొరకడమే నాకు పెద్ద వరం. నేను బడికి వెళ్ళి చదివినదాన్ని కాదు. చిన్నప్పుడు గుండె జబ్బు ఉందని డాక్టర్లు బయట తిప్పొద్దంటే, నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి అన్నీ నేర్పాడు. పదో తరగతి పరీక్ష ఒక్కటే ఓపెన్ స్కూల్లో రాశాను. ఇంటర్వ్యూలో నా కాగితాలు చూసి పక్కన పెట్టేస్తుంటే, బోర్డు సభ్యుడు మాధవరావు గారు అడ్డుపడి, "ముందు ఆ అమ్మాయి చేతిరాత చూడండి" అన్నారు. ఆ ఒక్క మాటతో ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత నా ప్రతి పూజలోనూ ఆయన పేరు ఉండేది.

ఈ బోర్డు గురించి రెండు మాటలు చెప్పాలి. రెండేళ్ళకోసారి పిల్లల తల్లిదండ్రులే ఓటేసి తమలో కొందరిని ఎన్నుకుంటారు. టీచర్లు, బస్సులు, తరగతి గదులు, అన్నిటి మీదా నిర్ణయం వాళ్ళదే. నామినేషన్ ఫారాలు ఇవ్వడం, నింపినవి తీసుకోవడం నా పని. తర్వాత స్క్రూటినీ జరుగుతుంది. అంటే ఎన్నికల కమిటీ ఒక్కో ఫారం పరీక్షించి, లోపం ఉన్నదాన్ని తీసేస్తుంది.

నాకొక పద్ధతి ఉండేది. ఫారం ఇచ్చే ముందు, సంతకం పడాల్సిన ప్రతిచోటా పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పెట్టేదాన్ని. డ్యూటీ మధ్యలో పరుగెత్తుకొచ్చే వాళ్ళకి ఆ ఇంగ్లీషంతా చదివే తీరిక ఎక్కడిది? తిరిగి తెచ్చినప్పుడు కూడా పేజీలు తిరగేసి, ఏదైనా తప్పిపోతే అక్కడికక్కడే చెప్పేదాన్ని. అది రూలు కాదు, అలవాటు. అందరికీ చెప్పాను. ఒక్కరికి తప్ప.

ఆ ఒక్కరు షమీమ్. కడప మనిషి. భర్త డ్రైవరు, ఆమె ఇంట్లో అబాయాలు, అంటే బురఖాల్లాంటివి, కుడుతుంది. ఉర్దూ మీడియంలో ఎనిమిది దాకా చదివింది. కేజీ చదివే వాళ్ళ చిన్నపాప ఒకరోజు స్కూల్ బస్సు వెనక సీట్లో నిద్రపోయింది. ఆ బస్సు డ్రైవరు చూసుకోకుండా తలుపులు వేసి వెళ్ళిపోయాడు. పాప అద్దం మీద కొడుతున్న చప్పుడు వాచ్‌మన్ చెవిన పడింది కాబట్టి బతికింది. ఎత్తుకొచ్చేసరికి జుట్టంతా చెమటతో తడిసి ముద్దయిపోయి ఉంది. ప్రతి బస్సులో ఒక ఆయా ఉండాలి, సీట్లన్నీ చూశాకే ఆమె దిగాలి. షమీమ్ పోటీకి దిగింది ఆ ఒక్క పని కోసమే.

ఫారం తీసుకోవడానికి వచ్చిన రోజు నవ్వుతూనే ఉంది.

"అక్కా, ఈ ఇంగ్లీషు నాకు తలకెక్కదు. యాడ సంతకం పెట్టమంటావో చెప్పు, పెట్టేస్తా."

"ఇంటూ ఉన్న కాడల్లా పెట్టు షమీమక్కా."

"గెలిస్తే ఆ బస్సు కాంట్రాక్టరుకు చుక్కలు చూపిస్తా. ఓడిపోతినా, నీ కొలతలు తీసుకుని నీక్కూడా ఒక అబాయా కుడతా. ఇద్దరం మొహాలు కప్పుకుని తిరగొచ్చు!"

ఆ వారమే మాధవరావు గారు కౌంటరు దగ్గరికి వచ్చి, "ఈసారి నా పని అయిపోయినట్టేనమ్మా. తల్లులందరూ ఆవిడ వెంటే ఉన్నారు" అన్నారు. ఆయన సరదాగా అన్నారు, నేను మాత్రం నిజమే అనుకున్నాను. మర్నాడు పటం ముందు ఆయన గెలవాలని మొక్కుకున్నాను.

గడువు చివరి రోజు, ఇంకో గంటలో కౌంటరు మూస్తామనగా షమీమ్ ఫారం తెచ్చింది. తిరగేశాను. మూడో పేజీలో డిక్లరేషన్ ఉంటుంది, రాసినదంతా నిజమని అభ్యర్థి ఒప్పుకునే మాట. దాని కింద సంతకం లేదు. నా గుర్తూ లేదు. ఫారం ఇచ్చిన రోజు మధ్యలో ఎవరో పిలిస్తే మరిచిపోయి ఉంటాను. అంతవరకు అది పొరపాటే.

ఆ తర్వాత జరిగింది పొరపాటు కాదు. కౌంటరు మీద పెన్ను ఉంది. ఆమె నా ఎదురుగానే ఉంది. మాట గొంతు దాకా వచ్చింది. అంతలో, ఇది నా మొక్కుకు జవాబేమో అనిపించింది. దేవుడి పేరు అడ్డం పెట్టుకుని నోరు మూసుకున్నాను. స్టాంపు వేశాను.

"అంతా సరిపోయిందా అక్కా?"

"తీసుకున్న" అన్నాను.

అబద్ధం ఆడలేదు కదా అని ఇంటిదాకా నాకు నేనే చెప్పుకుంటూ వెళ్ళాను.

స్క్రూటినీలో ఆ ఫారం తీసేశారు. నోటీసు చూసుకుని షమీమ్ నేరుగా నా దగ్గరికే వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"నువ్వు బాధపడొద్దు అక్కా. నువ్వు గుర్తులు పెట్టే ఇచ్చినావు, నేనే ఒకటి చూసుకోకుండా వదిలేసింటా. బుద్ధి తక్కువదాన్ని."

నిజం చెప్పడానికి అది రెండో అవకాశం. అదీ పోగొట్టుకున్నాను.

మాధవరావు గారు అందరికంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు. షమీమ్ పోటీలో ఉన్నా గెలిచేవారేమో. మిఠాయి పెట్టె పట్టుకుని వస్తే తీసుకోవడానికి చేతులు రాలేదు. జరిగింది చెప్పేశాను.

"నేను నిన్ను అడిగానా అమ్మా?"

"లేదు సార్."

"చేతిరాత బాగుంది కాబట్టి బాగుందన్నాను. దానికి నువ్వు నాకు ఇంత చెయ్యాలా? నేను సొంతంగా గెలిచానో లేదో నాకే తెలియకుండా చేశావు." పెట్టె అక్కడే వదిలేసి లేచారు. "నాతో కాదు. ఆవిడతో చెప్పు."

కొత్త బోర్డులో ఆయనే ఆయాల మాట ఎత్తారు. పక్కన నిలబడి గట్టిగా అడిగేవాళ్ళు ఇంకొకరు లేక అది వాయిదా పడింది. షమీమ్ ఆగలేదు. ప్రిన్సిపాల్ దగ్గర అనుమతి తీసుకుని, మిషను ఆపి, రోజూ మధ్యాహ్నం తన కూతురు ఎక్కే బస్సులో తనే ఎక్కి కూర్చునేది. పిల్లలందరూ దిగాక సీటు సీటుకీ వంగి చూసేది. మిగతా బస్సుల్లో ఎవరూ ఉండేవారు కాదు. నా అద్దంలోంచి ఆమె బస్సెక్కడం రోజూ కనిపించేది. ఈరోజు చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటూనే రెండేళ్ళు గడిపాను.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. షమీమ్ ఫారం కోసం వచ్చింది. ఇవ్వబోయి ఆగాను.

"షమీమక్కా, పోయినసారి మూడో పేజీల గుర్తు పెట్టుడు నేనే మరిచిన. నువ్వు తెచ్చినప్పుడు చూసిన. చూసి కూడా చెప్పలే. సార్ గెలవాలని చెప్పలే."

ఆమె ఫారం కోసం చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"రెండేండ్లు ఆ బస్సులో కూసున్నా. కుట్టు జాస్తి ఉన్న రోజు నడుం పడిపోయేది. ఒక్క మాట అనింటే నీకేం పోయేది?"

"ఏం పోకపోవు."

"నేనైతే నా బుద్ధినే తిట్టుకుంటా ఉంటి." కళ్ళు తుడుచుకుంది. చెయ్యి చాపింది. "ఫారం ఇయ్యండి మేడమ్. గుర్తులొద్దు. చదివి చెప్పండి."

మొదటి పేజీ నుంచి చివరిదాకా ప్రతి వాక్యం చదివి తెలుగులో చెప్పాను. ఆమె సంతకాలు పెట్టింది. అంతా అయ్యాక, నా ముందే, ఒక్కో కాగితం వెనక్కి తిప్పి మళ్ళీ తనే చూసుకుంది. ఏమైనా మిగిలిందేమోనని వేలితో గీత గీతా తడిమింది.

ఆమె గెలిచింది. ఇప్పుడు అన్ని బస్సుల్లోనూ ఆయాలున్నారు. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను, ఆ మంచి నా వల్ల రెండేళ్ళు ఆలస్యమైందని కూడా చెప్పుకున్నాను.

ఇంకొకరికి అందాల్సినదాన్ని తీసి నాకు మేలు చేసిన వాళ్ళ ముందు పెడితే అది కృతజ్ఞత కాదని నాకు ఈ ఉద్యోగం నేర్పింది. ఇప్పుడు గుర్తులు పెట్టను, ఎంత వరుస ఉన్నా చదివి వినిపిస్తాను. షమీమ్ బోర్డు పనుల మీద తరచూ వస్తుంది, నవ్వుతూనే మాట్లాడుతుంది. కానీ నేనిచ్చిన ఏ కాగితమైనా తిప్పి చూసుకున్నాకే సంతకం పెడుతుంది. నన్ను మాత్రం మళ్ళీ అక్కా అని పిలవలేదు.