గేదెకు తెలుసు

నా చిన్నప్పుడు, మూడో తరగతి అయిన వేసవిలో, నన్ను చచ్చిపోయిన పిల్ల చోట్లో కూర్చోబెట్టారు. మాట కటువుగా ఉందా? ఉండనివ్వండి. అరవై దాటినా ఆ సంగతి మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు.

దువ్వాడలో ఉండే మా పెద్దమ్మ కూతురు నాకంటే ఆరు నెలలు పెద్ద. జ్వరం వచ్చి, చూస్తుండగానే పోయింది. పెద్దమ్మ అన్నం మానేసింది, మాట మానేసింది. పోర్టులో పనిచేసే పెదనాన్న మా గుమ్మంలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. పెద్దవాళ్లు ఏం మాట్లాడుకున్నారో గానీ, సెలవులకని నన్ను దువ్వాడ పంపారు. పెద్దమ్మ ఏ పేరు పెట్టి పిలిచినా ఊఁ అనమనీ, ఎదురు చెప్పొద్దనీ బస్సు ఎక్కించేటప్పుడు అమ్మ మరీ మరీ చెప్పింది.

ఆ పిల్ల గౌన్లు నాకు సరిగ్గా సరిపోయాయి. ఆ పిల్లకి వేసినట్టే నాకూ రెండు జడలు వేసి పైకి మడిచి కట్టేది పెద్దమ్మ. జడ వేసే ముందు వంగి నా మాడు వాసన చూసేది. ఆ వెచ్చటి ఊపిరి తగిలితే నాకు ఒళ్లు జలదరించేది. ఆ పిల్ల పేరు పెట్టి పిలిస్తే గంగిరెద్దులా తలూపి ఊఁ అనేదాన్ని. ఆవిడ మళ్లీ అన్నం తినసాగింది. ఇంకేం, అందరూ సంతోషించారు. సెలవులయిపోయినా నన్ను తీసుకెళ్లే మాట ఎవరూ ఎత్తలేదు, అక్కడి బళ్లోనే వేశారు. ఇంటి వెనక నుంచి గూడ్సు బండ్లు పోర్టు వైపు పోతుంటే, ఏదో ఒకటి ఎక్కేసి మా ఇంటికి పోదామనిపించేది. కొన్నాళ్లకి అలా అనిపించడం కూడా మానేసింది. ఒకరోజు బళ్లో పంతులమ్మ నా అసలు పేరుతో పిలిచింది. నేను పలకలేదు. పక్కపిల్ల మోచేత్తో పొడిస్తే గానీ అది నా పేరేనని తట్టలేదు. ఆ రోజు పట్టుకున్న భయం ఇంతా అంతా కాదు.

దసరా సెలవుల్లో మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, నన్ను సబ్బవరం దగ్గర తన ఊరికి తీసుకెళ్లాడు. అక్కడ గేదె ఈనిన కొన్నాళ్లకే దూడ పోయిందట. దూడ ఎదురుగా ఉంటే గానీ ఆ గేదె పాలు చేపదు, పొదుగులోకి దించదు. అందుకని దూడ తోలు ఒలిపించి, ఎండబెట్టి, లోపల గడ్డి కూరి కుట్టించారు. కాళ్లకి కర్రలు. కళ్లున్న చోట కన్నాలు. పొద్దున్నే తాతయ్య దాన్ని గేదె ముందు నిలబెట్టాడు. గేదె దాన్ని నాకడం మొదలుపెట్టగానే పాలు చేపింది, చెంబులో ధార పడింది. పిచ్చి గేదె, ఎంత సులువుగా మోసపోయిందీ అని నవ్వాను. అంతలో అది ఆ గడ్డిదూడ మాడు మీద ముక్కు ఆనించి వాసన చూసింది. నాకు నవ్వు ఆగిపోయింది.

తాతయ్య నా మొహం చూశాడు. గేదెని విప్పి, నన్నూ వెంటబెట్టుకుని పొలం వైపు నడిచాడు. గడ్డిదూడని గోడకి ఆనించి ఉంచారు. గేదె దాని పక్కనుంచే వెళ్లింది, తల కూడా తిప్పలేదు. పొలం గట్టు దగ్గర మాత్రం ఆగిపోయింది. తోలు తీశాక దూడని పాతిపెట్టింది అక్కడేనట. మట్టి వాసన చూసి అరిచింది. అంత పెద్ద జంతువు గొంతులోంచి అంత సన్నటి అరుపు నేను మళ్లీ వినలేదు.

“దానికి తెల్దనుకుంటన్నావేటమ్మా?” అన్నాడు తాతయ్య. “పాలు ఒంటి సొత్తు. దూడని నాకితే దిగిపోతాయి, దాన్ని అడగవు. ఏడుపొక్కటే దాన్ది.”

ఆయన చెయ్యి పట్టుకుని అడిగేశాను. “తాతా, నాను గడ్డిదూడనా?”

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నన్ను దువ్వాడ పంపాలన్న ఆలోచన ఆయనదేనని పెద్దయ్యాక తెలిసింది. “గడ్డిదూడ అడగదు కదమ్మా” అన్నాడు చివరికి. “నువ్వు అడిగినావు. ఏటి సేత్తావో ఇంక నువ్వే సెప్పాల.”

ఇంటికి పోతానంటే ఆ పూటే బస్సెక్కిస్తానన్నాడు. అమ్మ దగ్గరికి పరిగెత్తాలని ఎంత ఉన్నా, పెద్దమ్మకి చెప్పే పోతానన్నాను.

మర్నాడు సాయంత్రం దువ్వాడలో, పెద్దమ్మ జడ వేస్తూ ఆ పిల్ల పేరుతో పిలిచింది. నేను ఊఁ అనలేదు. అది నా పేరు కాదని, నా పేరు చెప్పాను. జడ అల్లే చెయ్యి ఆగింది. వెనక గూడ్సు బండి పోతుంటే గోడలు అదిరాయి. బండి వెళ్లిపోయినా ఆవిడ నా జుట్టు వదల్లేదు. ఏం చేస్తుందోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను.

“నాకు తెల్దేటే?” అంది. “తెలిసే పిలుత్తన్నాను.”

జడ పూర్తి చేసి రిబ్బను కట్టింది. వంటింట్లోకి వెళ్లి, అక్కణ్నుంచి మళ్లీ అదే పేరుతో పిలిచింది, ఈసారి మెల్లగా, అడుగుతున్నట్టు. వీధి తలుపు తెరిచే ఉంది. నేను ఊఁ అన్నాను. పదో తరగతి దాకా ఆ ఇంట్లోనే ఉన్నాను.

తర్వాత కాలేజీలో జీవశాస్త్రం చదివాను. పాలిచ్చే జంతువుల ఒళ్లు యుగయుగాలుగా అలా తయారైందనీ, బిడ్డ తగిలితే చాలు, తల్లి ప్రమేయం లేకుండానే పాలు దిగుతాయనీ లెక్చరరు చెప్పాడు. ఒళ్లే అంత పనీ చక్కబెట్టుకుంటే, ఆ తెలియడం అన్నది ఎందుకు పుట్టినట్టు, గట్టు దగ్గర ఆగి అరవడానికా అని అడిగాను. అది సిలబస్‌లో లేదన్నాడు మహానుభావుడు.

ఇప్పుడు ఆ పొలం ప్లాట్లయింది. గేదెలకి గడ్డిదూడలు అక్కర్లేదు, సూది పొడిస్తే చేపేస్తాయట. మా మనవరాలు ఫోను పట్టుకుని కూర్చుంటుంది. దాని వేలు దానికి తెలియకుండానే కదులుతుంటే నాకు ఆ సూదే గుర్తొస్తుంది.

ఆ సాయంత్రం ఊఁ అన్నది నేనేనని ఇన్నాళ్లూ చెప్పుకుంటున్నాను. జాలిపడి, తెలిసి, నా ఇష్టంతోనే అన్నానని. ఒక్కోసారి అనుమానం వస్తుంది. ఆ ఊపిరికి అలవాటు పడిన మాడు, ఆ పేరుకి అలవాటు పడిన చెవి, అవే పలికాయేమో, గేదెకి పాలు దిగినట్టు. అందుకే ఇప్పటికీ ఎవరు పిలిచినా నేను వెంటనే పలకను. ముసల్దానికి చెవుడొచ్చిందంటారు. అననివ్వండి. లోపల పలకబోయేది ఎవరో ఒకసారి చూసుకుని, అప్పుడు ఊఁ అంటాను.