బుద్రు వేసిన తాళం

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను ఏడిపించడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. మాది బొబ్బిలి వైపు పల్లె. చింతచెట్టు మీద ఎవరో కూర్చున్నారంటే టార్చిలైటు పట్టుకుని బయల్దేరే రకాన్ని. పైగా కంప్యూటర్ల మనిషిని. ప్రతి ఎర్రర్‌కీ ఒక కారణం ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది అని నమ్మి ఇన్నాళ్లూ బతికాను. కిందటి వానాకాలం జరిగిన ఈ ఒక్కదానికి మాత్రం కారణం దొరకలేదు.

అరకులోయలో మాది చిన్న ఆఫీసు, దానికి ఇన్‌ఛార్జిని నేను. కొండ వాగుల్లో, ఇక్కడి మాటలో గెడ్డల్లో, నీటిమట్టం కొలిచే సెన్సార్లు పెట్టి, నీరు పెరిగితే కింది ఊళ్లకు హెచ్చరిక పంపడం మా పని. ఆ సాఫ్ట్‌వేర్ కంటైనర్లలో నడుస్తుంది. క్యారేజీ గిన్నెల్లాంటివనుకోండి. డేటాబేస్ ఒక గిన్నెలో, హెచ్చరికలు పంపేది ఇంకో గిన్నెలో, దేని మూత దానిదే.

సెన్సార్ స్తంభాలు పాతిందీ, సగం సాఫ్ట్‌వేర్ అమర్చిందీ బుద్రు. ఇక్కడి కొండ ఊరివాడే, విశాఖలో డిప్లొమా చదివొచ్చాడు. నన్ను అందరూ మేడమ్ అంటే తను అక్కా అనేవాడు. ఆఫీసు సర్వర్ ఆగిపోతే పనికొస్తుందని తన బల్ల మీద ఒక చిన్న కంప్యూటర్ పెట్టుకున్నాడు. రెండూ ఒకే డేటాను ఒకేసారి తెరిస్తే అది పాడైపోతుంది. అందుకని ముందు తెరిచిన మెషిన్ పేరు ఒక చిన్న ఫైల్లో పడేలా తనే ఏర్పాటు చేశాడు. దాన్ని మేం తాళం అనేవాళ్లం. తాళం ఉన్నంతసేపూ డేటాబేస్ ఇంకోచోట లేవదు.

కరెంటు హఠాత్తుగా పోతే తాళం అలాగే మిగిలిపోతుంది. అప్పుడు దాన్ని చెరిపేసి మళ్లీ స్టార్ట్ చేయడం మాకు రోజూ పళ్లు తోముకున్నంత అలవాటు. అవతల నిజంగా ఎవరైనా వాడుతుండగా చెరిపితే మాత్రం కొరివితో తల గోక్కున్నట్టే.

వేసవి చివర్లో ఘాట్ రోడ్డు మీద బండి జారి బుద్రు చనిపోయాడు. అతని కంప్యూటర్ ప్లగ్ పీకి, గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టింది నేనే. పెడుతూ ఏడ్చాను.

ఇంటికి దూరంగా చనిపోయిన మనిషి నీడ వెంటనే ఇల్లు చేరదని వాళ్ల ఊళ్లో అంటారు. పంట చేతికొచ్చాక పెద్దలు వెళ్లి పిలిచి తెచ్చుకోవాలట. అందాకా వాళ్లమ్మ సుక్రి రోజూ సాయంత్రం గెడ్డలోకి దిగి, కొడుకు పాతిన స్తంభం దగ్గర ఆకులో ఇంత సామన్నం పెట్టి వచ్చేది.

ఆ రోజు మధ్యాహ్నం నుంచీ వాన. కరెంటు పోయి వచ్చింది, డేటాబేస్ లేవలేదు. ఎర్రర్ మామూలుదే: డేటాను వేరే మెషిన్ వాడుతోంది. తాళం తెరిచి చూస్తే అందులో బుద్రు కంప్యూటర్ పేరుంది.

ఏదో పాత ఫైలనుకుని చెరిపేశాను. మళ్లీ అదే ఎర్రర్, అదే పేరు, టైము మాత్రం ఆ క్షణానిది. కంటైనర్లన్నీ ఆపాను. ఫోల్డర్ పర్మిషన్లు చూశాను, డిస్కులో చోటుందో లేదో చూశాను. చివరికి నెట్‌వర్క్ తీగ కూడా పీకేశాను. చెరిపిన ఫైలు మళ్లీ పడింది. వెళ్లి బీరువా తెరిచాను. కంప్యూటర్ గుడ్డలోనే ఉంది, చల్లగా. మళ్లీ చుట్టి పెట్టేశాను.

సాఫ్ట్‌వేర్ లేవకపోతే ఊళ్లకు ఫోన్ చెయ్యాలని మా రూలు. బుద్రు వాళ్ల ఊళ్లో ఆశా కార్యకర్త లచ్చిమికి చేసి, గెడ్డ మాకు కనపడట్లేదు, సుక్రిని దిగనివ్వొద్దని చెప్పాను.

"అయ్యో మేడమ్, అన్నం ఆకు అట్టుకొని ఇప్పుడే ఎల్లిపోనాది! బేగెల్తాను" అంటూ ఆమె పరిగెత్తింది.

సగం దారిలో పట్టుకుని, తిడుతున్నా వినకుండా లాక్కొచ్చిందట. వాళ్లు గట్టెక్కిన కాసేపటికే పైనుంచి ఎర్రనీళ్లు విరుచుకుపడ్డాయి. స్తంభం పునాదితో సహా కొట్టుకుపోయింది.

ఆ తర్వాత డేటాబేస్ ఏ పేచీ లేకుండా లేచింది. ఆ స్తంభం సెన్సార్ పంపిన సందేశాలు ఇంకో కంటైనర్లో దాచి ఉంటాయి, తీసి చూశాను. బురద పట్టిందేమో, వాన మొదలయ్యాక కూడా అది ఒకే మాట పంపుతూ వచ్చింది, నీరు తక్కువని. అంటే డేటాబేస్ మొదటిసారికే లేచి ఉంటే నాకు తెర మీద పచ్చరంగు కనపడేది. ఎవరికీ ఫోన్ చేసేదాన్ని కాదు. టీ తాగుతూ కూర్చునేదాన్ని.

తర్వాత ఆ ఊరు వెళ్లాను. సుక్రి తను బతికినందుకు సంతోషపడలేదు. "ఆయేల నా గుంటడు తిన్నేదు" అని ఒకటే ఏడుపు. తాళంలో బుద్రు పేరు పడ్డ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"ఆడింకా డ్యూటీలోనే ఉన్నాడమ్మా. మేం పిలిస్తే ఎలాగొస్తాడు? ఆడి పెద్ద నువ్వే కదా. సాలు, ఇంటికెల్లిపో అని నువ్వే సెప్పాల."

పంట చేతికొచ్చాక నన్ను కబురుపెట్టి పిలిపించారు. గెడ్డ గట్టున డప్పు ఆపి పెద్దలు నా వైపు చూశారు. "బుద్రూ, డ్యూటీ అయిపోయింది. అమ్మ దగ్గరికి వెళ్లిపో తమ్ముడూ" అన్నాను. సుక్రి గెడ్డ వైపు చెయ్యి చాచి, ఎవరినో పట్టుకున్నట్టు మెల్లగా ఇంటికి నడిచింది.

విశాఖలో సీనియర్లకు అన్నీ చూపించాను. ఒకాయన గడియారం తేడా అన్నాడు, ఒకామె డిస్కు లోపం అంది. ఆ పేరు ఎవరు రాశారో మాత్రం ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేను. ఇప్పటికీ కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తాళం చెరిపేముందు తెరిచి చూస్తాను. ఆఫీసు సర్వర్ పేరే ఉంటుంది. ఇల్లు చేరాడు, మంచిదే అనుకుంటాను. అనుకుంటూనే ఏడుస్తాను.