మూత మీద పేరు

బస్టాండుకి ఎదురుగా ఉన్న టూర్ల బుకింగ్ గదిలో ఆమె పంతొమ్మిదేళ్లుగా కూర్చుంటోంది. గది చిన్నది. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకి తీరప్రాంతం మ్యాపు, రెండో నంబరు మీద మాత్రమే తిరిగే ఫ్యాను. ఆమె వెనక అరలో పన్నెండు గాజు సీసాలు, మాత్రల సీసాలకంటే కాస్త పెద్దవి. ఒక్కో దాంట్లో ఒక్కో తీరం ఇసుక. బస్టాండంతా ఆమెని ఇసకక్క అంటుంది, ఆమెకంటే పెద్దవాళ్లతో సహా.

వచ్చినవాళ్లని ఎక్కడికెళ్తారని ఆమె అడగదు. "సముద్రంతో మీకు పనేంటి?" అంటుంది.

ఊరికే చూడ్డానికి అన్నవాళ్లని దీపస్తంభం తీరానికి పంపుతుంది. పొద్దువాలేటప్పుడు అక్కడ నీళ్లు రాగి రంగుకి తిరుగుతాయి, కూర్చోడానికి నల్లటి రాళ్లుంటాయి. చిన్నపిల్లలున్నవాళ్లకి కొబ్బరితోట తీరం. పోటు తగ్గాక సముద్రం రాళ్ల మధ్య మడుగులు వదిలిపోతుంది. వాటిలో అగ్గిపుల్లంత చేపలు. పిల్లలు ఆకలేసేదాకా కదలరు. మాట్లాడుకోవాల్సింది చాలా ఉన్న జంటలకి ఏరు కలిసే చోటు. అక్కడ ఒక అడుగు మంచినీళ్లలో, ఇంకో అడుగు ఉప్పునీళ్లలో పడుతుంది.

ఈ పన్నెండు తీరాల్లో ఆమె కళ్లతో చూసింది రెండే. మూసిన బండిలో కూర్చుని రెండు కొండమలుపులు తిరిగితే చాలు, ఆమెకి కడుపులో తిప్పేస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓనరు అన్నీ చూపిస్తానని వ్యాను ఎక్కించాడు. మూడో మలుపు దగ్గర దింపి వెనక్కి పంపాల్సి వచ్చింది. ఆ సీటు కవరు కథ డ్రైవరు ఇప్పటికీ చెప్తాడు.

దాంతో తీరాలే ఆమె దగ్గరికి రావడం మొదలుపెట్టాయి. వెళ్లేవాళ్లని గుప్పెడు ఇసుక తెచ్చిపెట్టమనేది. తెచ్చినవాళ్లని కూర్చోబెట్టి అడిగేది. నీళ్లు ఎంతదూరం వరకు మోకాలి లోతు? అల ఎక్కడ విరుగుతోంది? కాలికింద జారుతోందా? నాలుగేళ్లు అడగ్గా అడగ్గా ఆమెకొక సంగతి తెలిసింది. ఇసుక పిండిలా మెత్తగా ఉన్నచోట తీరం చాపలా పరుచుకుని ఉంటుంది. అల దూరంగా విరిగి, ఒడ్డుకి వచ్చేసరికి నురగే మిగులుతుంది. ఇసుక రవ్వలా గరుగ్గా ఉన్నచోట ఒడ్డు ఏటవాలు. రెండడుగులకే నడుములోతు. అల ఒడ్డుమీదే విరుచుకుపడి కాలికింది ఇసుకని లాక్కుపోతుంది. ఇది పుస్తకాల్లో ఉందో లేదో ఆమెకి తెలియదు. పన్నెండు తీరాలకీ సరిపోయింది.

"పెళ్లికూతుర్ని చూడకుండానే సంబంధాలు కుదిర్చేస్తావక్కా నువ్వు," అనేవాడు డ్రైవరు.

"కుదిర్చినవాటిలో ఒక్కటైనా చెడిందా?" అనేది ఆమె.

ఆ ఏడాది కొండ అవతలికి కొత్తరోడ్డు పడింది. దాంతోపాటు ఇంకో రెండు తీరాలు బయటపడ్డాయి, పక్కపక్కనే, మధ్యలో ఒక చిన్న కొండకొమ్ము. ఒకచోట ముందుకి వంగిన రాయి ఉందని దాన్ని చిలకముక్కు అన్నారు. రెండోచోట విప్పిన గొడుగులాంటి రాయి ఉందని దాన్ని గొడుగురాయి అన్నారు. రోడ్డు పని చేసిన మేస్త్రీని ఆమె ముందే బతిమాలి ఉంచింది. ఆయన ఒక ఉదయం రెండు కాగితం పొట్లాలు తెచ్చి బల్లమీద పెట్టాడు. పొట్లాల మీద పెన్సిలుతో పేర్లు రాసి ఉన్నాయి. ఆమె రెండు కొత్త సీసాలు కడిగి, ఆరబెట్టి, ఇసుక పోసింది. ఎప్పటిలాగే మూతల మీద చీటీలు అంటించి పేర్లు రాసింది. ఖాళీ పొట్లాలు మడిచి సొరుగులో వేసింది. వాటిని నోటుపుస్తకంలో అంటించి, ఎవరు తెచ్చారో ఎప్పుడు తెచ్చారో రాసుకోవడం ఆమె అలవాటు. ఆ పని మర్నాటికి వాయిదా వేసింది.

అదేరోజు మధ్యాహ్నం ఒక రిటైరైన టీచరమ్మ వచ్చింది. చేతిలో కర్ర, వెంట పదేళ్ల మనవరాలు.

"సముద్రంతో మీకు పనేంటమ్మా?"

"నిలబడాలి," అంది టీచరమ్మ.

"నిలబడాలా?"

"మోకాలి లోతు నీళ్లలో. కర్ర లేకుండా. ఎవరూ పట్టుకోకుండా."

"అమ్మమ్మకి రెండేళ్లకిందట పక్షవాతం వచ్చింది. ఎడమకాలు ఇప్పుడిప్పుడే మాట వింటోంది," అంది మనవరాలు.

"డాక్టరు సరేనన్నాడు. మా అమ్మాయే ఒప్పుకోలేదు."

"అందుకని అమ్మకి మ్యూజియం అని చెప్పాం," అంది పిల్ల. "అబద్ధం అమ్మమ్మదే. నేను తల మాత్రమే ఊపాను."

"తల ఊపడం కూడా అబద్ధమేనే," అంది టీచరమ్మ.

ఇసకక్కకి ఆ మనిషి నచ్చింది. పాత తీరాలు చెప్పబోయి ఆగింది. అవన్నీ జనంతో నిండిపోయే రోజులు. గుంపులో ఎవరి భుజం తగిలినా చాలు. కొత్తవాటి దగ్గరికి ఇంకా ఎవరూ పోవడం లేదు. అరలోంచి రెండు కొత్త సీసాలూ తీసి, రెండు మూతలూ విప్పి బల్లమీద పెట్టింది. ఒకసారి ఒక్క మూతే విప్పాలని తనే పెట్టుకున్న నియమం ఆ క్షణంలో గుర్తురాలేదు. టీచరమ్మ అరచేతిలో ముందు ఒకదాంట్లోంచి చిటికెడు, తర్వాత రెండోదాంట్లోంచి చిటికెడు పోసింది.

"ఇది రవ్వ. మీకు పనికిరాదు. ఇది చూడండి, పిండి. ఇలాంటి ఇసుక మీద ఎంతసేపైనా నిలబడొచ్చు."

టీచరమ్మ బొటనవేలితో రెండూ నలిపి చూసింది. కళ్లు మూసుకుని మళ్లీ నలిపింది.

"ఇదే," అంది పిండిని చూపిస్తూ.

ఇసకక్క మూతలు బిగించింది. పిండి ఉన్న సీసా మూతమీద పేరు చదివి టికెట్టులో రాసింది. చిలకముక్కు.

మర్నాడు ఏడింటికి వ్యాను కదిలింది. దారిలో మిగతావాళ్లని కొబ్బరితోట దగ్గరా, దీపస్తంభం దగ్గరా దించి, చివరికి వీళ్లిద్దర్నీ కొండ దాటించాలి. "టీచరమ్మని ఇసుకదాకా చెయ్యిపట్టి దింపు. చెట్టునీడ కనిపించింది కదా అని కునుకేశావంటే నీ సంగతి చెప్తా," అంది డ్రైవరుతో. టీచరమ్మ కిటికీలోంచి కర్ర ఊపింది.

వ్యాను వెళ్లాక గది ఊడ్చి, సొరుగులోంచి పొట్లాలు తీసింది. జిగురు రాయడానికి గొడుగురాయి పొట్లం విప్పి సాపు చేస్తుంటే, మడతలోంచి కాస్త ఇసుక రాలి నోటుపుస్తకం మీద పడింది. దులపబోయి, వేలికి అంటుకున్నదాన్ని చూసుకుంది. పిండి.

రెండో పొట్లం విప్పింది. చిలకముక్కు అని మేస్త్రీ రాత స్పష్టంగా ఉంది. మడతలో నాలుగు గింజలు. గోటితో నొక్కితే గరగరమన్నాయి.

ఆమె లేచి అరలోని సీసాలు చూసింది. గొడుగురాయి మూత కింద రవ్వ ఉంది. చిలకముక్కు మూత కింద పిండి ఉంది. నిన్న మధ్యాహ్నం తన చేతులే ఆ మూతలు బిగించాయి.

డ్రైవరు ఫోను అందడం లేదంది. కొండ ఎక్కాక అందదని ఆమెకి తెలుసు. కొండకింద వ్యాను ఆగే టీకొట్టుకి చేసింది.

"ఇప్పుడే పోయిందక్కా. పది నిమిషాలైంది. ఏం, ఏదైనా మర్చిపోయారా?"

ఆమె ఫోను పెట్టేసింది. రెండడుగులకే నడుములోతు, అనుకుంది. కర్ర ఒడ్డున పెట్టేసి దిగుతుంది. పిల్ల పట్టుకోబోతే విదిలించుకుంటుంది. వాళ్లు ఎక్కడికెళ్లారో ఇంట్లో కూడా తెలియదు.

పక్కనే మరిది ఫ్యాన్లు బాగుచేసే కొట్టు. అతను అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు.

"బండి తియ్యి," అంది.

"ఎక్కడికి వదినా?"

"చిలకముక్కుకి."

మరిది షట్టరు సగంలో వదిలేశాడు. "నువ్వా? కొండమీదికా? వదినా, ఈ చొక్కా కొత్తది."

"విప్పేసి నడుపు, నాకేం. ముందు తియ్యి."

ఆమె మొహం చూసి అతను బండి స్టార్టు చేశాడు. కొట్టుకి తాళం కూడా వేయలేదు.

మోటారుసైకిలు వెనక కూర్చుని ఆమె జరిగిందంతా చెప్పింది. గాలికి సగం మాటలు ఎగిరిపోయాయి. అయినా అతనికి అర్థమై స్పీడు పెంచాడు. కొబ్బరితోట దాటారు. దీపస్తంభం దాటారు. కొండ మొదలైంది. మొదటి మలుపు, రెండోది, మూడోది. ఆమె మరిది భుజం మీద చెయ్యి బిగించి, మనసులో ఒకటే లెక్క వేసుకుంటోంది. వ్యాను దిగి తీరానికి నడవాలి. టీచరమ్మ నడకకి అది పావుగంట. దారిలో రెండుసార్లు ఆగుతుంది. ఆగాలి.

ఏడో మలుపు దగ్గర మరిది వెనక్కి తిరక్కుండానే అరిచాడు. "వదినా, బాగానే ఉన్నావా?"

"ఏం?"

"కడుపు!"

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి కడుపు సంగతి. అది చాలాసేపట్నుంచీ నోరుమూసుకునే ఉంది.

రోడ్డు చివర వ్యాను ఆగి ఉంది. తలుపులు వేసి ఉన్నాయి. లోపల ఎవరూ లేరు. చెట్టుకింద కూడా డ్రైవరు లేడు. అది మంచికో చెడుకో ఆమెకి తెలియలేదు. మొగలిపొదల మధ్య కాలిబాట కిందికి దిగుతోంది. సముద్రం కనిపించకముందే వినిపించింది. కొబ్బరితోట దగ్గర వినిపించే గలగల కాదది. దుంగ తెచ్చి గోడకేసి కొట్టినట్టు ఒక్కో అల. చెప్పులు చేతిలోకి తీసుకుని ఆమె పరిగెత్తింది.

పొదలు దాటాక కనిపించింది. ఆకుపచ్చటి నీళ్లు, ముందుకి వంగిన రాయి, జనం ఇంకా తొక్కని ఇసుక. ఎవరు చూసినా అందమైన చోటే అంటారు. ఒడ్డు నీళ్లలోకి మెట్టులా విరిగి ఉంది.

ఆ మెట్టుకి ఇరవై గజాల ఇవతల, ఒక రాతిమీద టీచరమ్మ కూర్చుని ఉంది. చెప్పులు కాళ్లకే ఉన్నాయి. కర్ర ఒళ్లో ఉంది. పిల్ల పక్కనే గవ్వలు ఏరుతోంది. డ్రైవరు నడుముమీద చేతులు పెట్టుకుని నిలబడి వాదిస్తున్నాడు.

"టికెట్టులో చిలకముక్కనే ఉందమ్మా. ఇదిగో ముక్కు. ఇంతకంటే ఏం చూపించమంటారు?"

"నువ్వు చూపించే ముక్కు నాకు కనిపిస్తోంది నాయనా. నిన్న ఆవిడ నా చేతిలో పోసి పనికొస్తుందన్నది ఇది కాదు."

"ఇసుక ఇసుకేగదమ్మా!"

"నలభై ఏళ్లు సుద్దముక్క పట్టిన చెయ్యిది. పొడి ఏదో రవ్వ ఏదో తెలియదనుకున్నావా? ఆవిడ వద్దన్నది ఇదే. ఫోను పనిచేసే చోటికి తీసుకెళ్లు, ఆవిణ్ణే అడుగుదాం."

ఇసకక్క అక్కడే ఇసుకలో కూలబడింది. ముందుగా డ్రైవరు చూశాడు. చూసి, బాట వైపు చూశాడు, మళ్లీ ఆమె వైపు చూశాడు.

"అక్కా? నువ్వు... ఎందులో వచ్చావు?"

"నా చొక్కా చూడు," అన్నాడు వెనకే వచ్చిన మరిది. "ఒక్క మరక లేదు."

ఆమె లేచి టీచరమ్మ దగ్గరికి వెళ్లింది. "మూతలు మార్చేశానమ్మా," అంది. "తప్పు నాదే." అని ఆవిడ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఆ అరచేతికి ఇంకా నాలుగు రవ్వగింజలు అంటుకుని ఉన్నాయి.

"పేరు ఎక్కడ రాస్తావు?"

"మూతమీద."

"అట్టమీద మాత్రమే పేరు రాసుకునే పిల్లలు నాకు ఏటా పదిమంది తగిలేవాళ్లు. అట్టలు మారతాయి, ఒకడి మార్కులు ఇంకొకడికి పోతాయి. లోపల పేజీమీద కూడా రాయమని చెప్పేదాన్ని." టీచరమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "సీసామీద రాయి."

"రాస్తానమ్మా."

"సరే. పిండి ఎక్కడుంది?"

పిండి కొండకొమ్ముకి అవతలే ఉంది, వ్యానులో ఐదు నిమిషాలు. డ్రైవరు ముందుసీటు తుడిచి, ఇసకక్కకి తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె ఆ తలుపునీ అతన్నీ చూసి, పోయి బండిమీద మరిది వెనక కూర్చుంది.

గొడుగురాయి దగ్గర నీళ్లు చాపమీద పరుచుకున్నట్టే ఉన్నాయి. అల ఎక్కడో దూరంగా విరిగి, నురగై, అలిసిపోయి వచ్చి కాళ్లని తాకుతోంది. ముందు ఇసకక్కే దిగింది. కాలివేళ్లతో నేలని తడుముతూ యాభై అడుగులు పోయింది. మోకాలి లోతే. ఇంకో పది అడుగులు. అదే లోతు. వెనక్కి తిరిగి చెయ్యూపింది.

టీచరమ్మ కర్రని మనవరాలి చేతికిచ్చింది. చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, కుడికాలు ముందు, ఎడమకాలు వెనక, ఒక్కో అడుగూ అడిగి వేసినట్టు వేసింది. ఇసకక్క రెండు మూరల దూరంలో నిలబడి, పట్టుకోకుండా ఉండటానికి చేతులు వెనక్కి కట్టుకుంది. నీళ్లు మోకాలికి వచ్చాక టీచరమ్మ ఆగింది. ఒక అల వచ్చింది. ఆవిడ కాస్త ఊగి, సర్దుకుంది. రెండోది వచ్చింది. మూడోదానికి ఊగలేదు.

"అమ్మమ్మా, ఎంతసేపు?" ఒడ్డునుంచి పిల్ల అరిచింది.

"మ్యూజియం మూసేదాకా," అంది టీచరమ్మ.

మరిది ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకుని నీళ్ల అంచుదాకా వచ్చాడు. "వదినా, కొట్టు తీసిపెట్టి వచ్చాను. ఎవడైనా ఫ్యాన్లు ఎత్తుకుపోతాడు. పోదామా?"

ఇసకక్క కాలికింది ఇసుకని మునివేళ్లతో ఒకసారి నొక్కి చూసుకుంది. గట్టిగా, మెత్తగా ఉంది, ఎక్కడికీ జారడం లేదు.

"పాడైన ఫ్యాన్లు ఎవడు ఎత్తుకుపోతాడు," అంది. "కాసేపాగు."