అక్క ఆగిన చోట

జగదల్‌పూర్ వీధుల్లో హల్బీ, గోండీ, ఒడియా, తెలుగు పాటలన్నీ వినిపిస్తాయి. ఆ పాటలు విని గీసిన బొమ్మల ప్రదర్శన ఒకటి అక్కడ చూశాను. ప్రతి బొమ్మ పక్కనా దాని పాట వినడానికి హెడ్‌ఫోన్ పెట్టారు.

నాట్లేసే ఆడవాళ్ల బొమ్మ దగ్గర ఒక ముసలి గొంతు తెలుగులో ఒక చరణం పాడి ఆగిపోయింది. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ ఇంకో చరణం, మళ్లీ నిశ్శబ్దం. రికార్డింగ్ చెడిపోయిందనుకుని హెడ్‌ఫోన్ తీసేశాను.

"ఇది చెవులకెట్ల పెట్టుకోవాలె బిడ్డా?" అంది పక్కనున్న పెద్దావిడ.

బొమ్మ వేసినాయన కబురు పంపితే పామేడు నుంచి వచ్చిందట. ఆ గొంతు వాళ్లక్కది. కూలిపనికని వచ్చి ఈ ఊళ్లోనే ఉండిపోయిన ఆమె, పోయిన వానాకాలం కన్నుమూసింది.

"తొవ్వ సక్కగ లేక కడసూపుకు గూడ అందలే బిడ్డా."

ఆమె చెవులకు హెడ్‌ఫోన్ పెట్టాను. ఆవిడ కళ్లు మూసుకుంది. కాసేపటికి సన్నగా ఒక చరణం పాడి ఆగింది. విని, మళ్లీ అందుకుంది. అప్పుడు తెలిసింది నాకు, వాళ్ల నాటుపాట ఒక్కరు పాడేది కాదని. ఒకరు అడిగితే ఇంకొకరు బదులు పాడాలి. చెల్లెలు పక్కన లేకపోయినా అక్క ఆమె వంతుకు ఆగింది.

జనం తిరిగి చూస్తున్నారు. ఆవిడకు పట్టలేదు. పాట అయిపోయాక నా చెయ్యి పట్టుకుంది.

"మల్లొక్కసారి పెట్టు బిడ్డా. రెండోదాంట్ల తప్పు పాడిన. మా అక్క ఊకోదు."