అమ్మ సాక్ష్యాన్ని నేను దిద్దాను

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, నోరు తెరవాలంటే వణికే ఒక పిల్లను దేవుడు ఎలా మాట్లాడించాడో చెప్పాలని కూర్చున్నాను గాని, ఆ నోటితో నేను చేసిన తప్పు ముందు ఒప్పుకోకపోతే ఇది సాక్ష్యమే కాదు. మొన్న ఆదివారం మన మందిరంలో నిలబడి చెప్పినప్పుడు సగం మింగేశాను. సంఘ పత్రికకు రాసిమ్మని పాస్టరు అయ్యగారు అడిగారు. కాగితం మీద నాకు కొంచెం ధైర్యం ఎక్కువ కనుక ఆ మింగేసిన సగం కూడా ఇక్కడ రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఒక పల్లె అని మీకు తెలుసు. నాన్న ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్ బోట్ల మీద వేటలోనే ఉంటాడు, అమ్మ పొద్దున్నే ఒడ్డున చేపలు వేలం పాడుకుని, తట్టకెత్తుకుని, ఆటో ఎక్కి నరసన్నపేట వెళ్ళి అమ్ముతుంది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. చిన్నప్పటి నుంచి మనుషుల కంటే పుస్తకాలతోనే నాకు చనువు, రోజూ డైరీ రాస్తాను, అందులో నేను రాసే తెలుగు చూసుకుని నేనే మురిసిపోయేదాన్ని. ఇంట్లో మాట్లాడే మాటంటే మాత్రం సిగ్గు. కాలేజీలో మొదటి వారం ఏదో అడగబోయి "ఏటండీ" అన్నాను, క్లాసంతా ఘొల్లుమంది. ఆ రోజు నుంచి మా ఊరి మాట నా నోట పడకుండా నాకు నేనే కాపలా కాశాను, కాపలా కాసీ కాసీ చివరికి ఏ మాటా రాకుండా పోయింది!

సహోదరులారా, నా సిగ్గు నాతోనే ఆగి ఉంటే బాగుండేది. కోత పండుగ రోజు ప్రతి ఇంటివాళ్ళూ తమ ప్రథమ ఫలం తెచ్చి బల్ల దగ్గర పెట్టి, ఒకరు నిలబడి సాక్ష్యం చెప్పడం మన సంఘంలో అలవాటు కదా. మా ఇంటి నుంచి ఎప్పుడూ అమ్మే చెప్పేది. నా డిగ్రీ చివరి ఏడాది నాన్న ఉన్న బోటు ఇంజిను ఆగిపోయి మూడు రోజులు జాడ లేకుండా పోయి తిరిగొచ్చింది. దాని గురించి అమ్మ ఇంట్లో ఇలా చెప్పుకునేది: "మూడు దినాలు మా ఆయన జాడ లేదు. నాను అన్నం వొండేను, ఎవులూ తిన్లేదు. పెబువా, బోటు పోతే పోనీ, మనిసిని పంపు అన్నాను. మనిసినీ పంపేడు, బోటునీ పంపేడు."

అంతే. ఇంతకంటే ఏం కావాలి? కానీ పండుగకు పట్నం నుంచి దైవసేవకులు వస్తున్నారు, వాళ్ళ ముందు అమ్మ ఇలా మాట్లాడితే నా పరువేం కావాలి అనుకున్నాను. డైరీలోంచి కాగితం చింపి, "అగాధ జలరాశిలో దిక్కుతోచక అలమటించుచున్న నా జీవిత భాగస్వామిని కరుణాసముద్రుడు ఒడ్డునకు చేర్చెను" అని మొదలుపెట్టి పేజీ నిండా రాశాను. అమ్మకు చదువు రాదు. వారం రోజులు ఆమె చేపలు తోముతుంటే పక్కన కూర్చుని బట్టీ పట్టించాను. తప్పు పలికినప్పుడల్లా విసుక్కున్నాను. "ఏటే ఇది, నా మొగుణ్ణి జీవిత బాగస్తుడంటే పెబువుకి ఎవులో తెలుస్తాదా?" అని నవ్వింది అమ్మ. నేను నవ్వలేదు.

పండుగ రోజు అమ్మ ఎండుచేపల బుట్ట బల్ల దగ్గర పెట్టి నిలబడింది. "అగాధ" అంది. మళ్ళీ "అగాధ" అంది. ఆ తర్వాత మాట రాలేదు. జనమంతా చూస్తున్నారు, ఆడవాళ్ళ చాపల్లో కూర్చున్న నా వైపు అమ్మ చూసింది. నేనేం చేశానో తెలుసా? తల దించుకున్నాను. ఆమె ఎవరో నాకు తెలియనట్టు తల దించుకున్నాను! అమ్మ చేతులు జోడించి, వచ్చి కూర్చుంది. ఆ రోజు నుంచి మందిరంలో ఆమె నోరు తెరవలేదు. పాట వచ్చినప్పుడు కూడా పెదవులు మాత్రమే కదిపేది. అమ్మకు సిగ్గు ఎక్కువైంది అని ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను. నా అబద్ధాల్లో అది మొదటిది.

రెండోది ఇంటర్వ్యూలో చెప్పాను. విజయనగరంలో ఒక కంటి ఆసుపత్రివాళ్ళు ఊళ్ళు తిరిగి శుక్లాల గురించి జనానికి చెప్పి క్యాంపులకు తీసుకొచ్చే పనికి డిగ్రీ చదివిన ఆడపిల్లలు కావాలన్నారు. అంతకుముందు రెండు చోట్ల ఇంటర్వ్యూలో మాట రాక లేచి వచ్చేశాను కనుక ఈసారి ఫోనులో వీడియోలు చూసి పరిచయం దగ్గర నుంచి ముగింపు దాకా కంఠతా పట్టాను. ఆమదాలవలసలో రైలెక్కాలి. నన్ను సాగనంపాలని అమ్మ ఆ రోజు నరసన్నపేట మానుకుని తట్టతో అక్కడికే వచ్చింది. నా చీరకు వాసన అంటుతుంది, ప్లాట్‌ఫారం ఆ చివర నిలబడు అన్నాను. ఆమె నిలబడింది. రైలు కదిలాక అక్కడి నుంచే చెయ్యి ఊపింది.

"మీ అమ్మగారు ఏం చేస్తారు?" అని అడిగింది లోపల కూర్చున్న డాక్టరమ్మ. "గృహిణి" అన్నాను. ఆవిడ తలూపి, వరండా తుడుస్తున్న పెద్దామెను పిలిచి నా ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, ఈమెకు శుక్లం ఆపరేషను గురించి చెప్పు అంది. నేను గోడ వైపు చూస్తూ, "నేత్ర కటకము అపారదర్శకముగా మారుటను శుక్లము అందురు" అని మొదలుపెట్టి ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేశాను. ఆ పెద్దామె పాపం ఓపికగా విని, "పిల్ల సక్కగా సెప్పిందమ్మా. ఏటి సెప్పిందో నాకు తెల్లేదు గానీ" అంది. అందరూ నవ్వారు. నేను మళ్ళీ చెప్పబోయాను. "నేత్ర" అన్నాను. "నేత్ర" అన్నాను. అంతే, ఇంక రాలేదు. నా చెవిలో అమ్మ గొంతు వినబడింది, "అగాధ... అగాధ..." అని.

ఇంటికి తిరిగొచ్చి తిన్నగా మందిరానికి వెళ్ళాను. మధ్యాహ్నం వేళ, ఎవరూ లేరు. "సర్వోన్నతుడవైన" అని ప్రార్థన మొదలుపెట్టాను. అది కూడా ముందుకు సాగలేదు. అప్పుడు, సహోదరులారా, ఎన్నో ఏళ్ళుగా నేను తొక్కిపెట్టిన మాట దానంతట అదే బయటికి తన్నుకొచ్చింది. "పెబువా, నాకు సిగ్గేస్తంది. మాయమ్మని నానే మూగదాన్ని సేసేసేను. నా నోరూ మూసుకుపోనాది. నానేటి సెయ్యాల?" ఇంతే నా ప్రార్థన! ఏడ్చి ఏడ్చి లేచేసరికి ఉద్యోగం సంగతి గుర్తే లేదు, అమ్మ దగ్గరికి వెళ్ళాలన్న ఒక్కటే తొందర.

అమ్మ పెరట్లో తట్ట కడుగుతోంది. అంతా చెప్పేశాను, గృహిణి అన్న మాటతో సహా. అమ్మ తట్ట కడిగి గోడకు ఆనించింది. తర్వాత అంది: "నువ్వు రాసింది మంచిదే, కాదన్ను. నా నోట్లో ఇమడ్నేదు. జనం నవ్వితే బాద నేదే. నువ్వు తల దించీసినావు సూడు, అక్కడ నా గొంతు పోనాది." ఆమె కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాను. కొంతసేపటికి అమ్మే నన్ను లేపి, "రేపు నాతో బజారుకొస్తావేటి? వాసనొస్తాది మరి" అంది.

వెళ్ళాను. నెల రోజులు ఆమె పక్కన కూర్చున్నాను. మొదట్లో తెలిసినవాళ్ళు కనబడితే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేదాన్ని, అది కూడా దాచను. ఒకామె వచ్చి చేప గురించి అడిగితే నేను చేపల జాతుల మీద చిన్న ఉపన్యాసం ఇచ్చాను, ఆమె వెళ్ళిపోయింది. "నీకు తెలిసిందంతా సెప్పీయకే. ఆవిడికి కావాల్సింది సెప్పు" అంది అమ్మ. "ముందు మొకం సూడు. ఒక ముక్క సెప్పి ఆగు. తెల్లేదని కళ్ళే సెప్తాయి, అప్పుడు మల్లీ సెప్పు, ఇంకోలాగ సెప్పు." ఇన్ని వీడియోలు చూసిన నాకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. చెప్పేది ఇంట్లోనే ఉంటే నేను ఆమె నోరు మూయించాను! ప్రభువు తన వెంట రమ్మని పిలిచింది వలలు కడుక్కునేవాళ్ళనే కదా, ఆ సంగతి చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో వింటూ కూడా నాకు ఎక్కలేదు.

కొన్ని నెలల తర్వాత అదే ఆసుపత్రివాళ్ళు మళ్ళీ పిలిచారు. అదే డాక్టరమ్మ. కూర్చున్న వెంటనే, "పోయినసారి మా అమ్మ గృహిణి అని చెప్పానండి, అది నిజం కాదు, ఆమె చేపలమ్ముతుంది" అన్నాను. ఆవిడ ఆ పెద్దామెనే మళ్ళీ పిలిపించింది. నేను కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకుని, ముఖం చూసి, మా ఊళ్ళో అక్కను పిలిచినట్టు పిలిచాను. "అప్పా, నీ కంటిలోపల చిన్న అద్దం లాంటిది ఉంటాది. వయసొచ్చేసరికి మసకేస్తాది, దీపం సిమ్నీకి పొగ పట్టినట్టు. సిమ్నీ అయితే తుడిసీగలం, ఇది తుడిస్తే పోదు. డాక్టరమ్మ దాన్ని తీసీసి కొత్తది పెడతాది" అని ఆగాను. ఆమె నన్నే చూస్తూ, "నొప్పెడతాదేటి?" అని అడిగింది. పోయినసారి ఆమె నన్ను ఏమీ అడగలేదు. "మందేస్తారప్పా, నొప్పి తెల్దు" అన్నాను. "అయితే మా అత్తని తీసుకొస్తాను" అందామె. దేవునికే మహిమ! నన్ను పనిలోకి తీసుకున్నారు, మూడు నెలలు చూసి ఆ తర్వాత ఖాయం చేస్తామన్నారు, ఇంకా ఖాయం కాలేదు, ప్రార్థించండి.

కానీ ఆ మధ్యాహ్నం మందిరంలో నేను ఏడ్చి అడిగిన విడుదల అది కాదు. మొన్న ఆదివారం మీ అందరి ముందు నిలబడినప్పుడు, కోత పండుగ సంగతి దగ్గరికి వచ్చేసరికి నా మాట మళ్ళీ ఆగిపోయింది, మీరు చూశారు. చాపల మీది నుంచి ఒక గొంతు వినబడింది, "సెప్పే, మాకు తెలుస్తంది." మా అమ్మ! ఆమె తల దించుకోలేదు. నా ముఖమే చూస్తోంది. నేను సగమే చెప్పి కూర్చున్నాక ఆమె లేచింది, బట్టీ పట్టింది ఏమీ లేదు, కాగితం లేదు. "నా మనిసిని పంపేడు, బోటుని పంపేడు, ఇప్పుడు నా పిల్లని పంపేడు" అని చెప్పి కూర్చుంది. ఆ తర్వాత పాటలో ఆమె గొంతు నా పక్కనే, అందరి కంటే గట్టిగా, శ్రుతి తప్పి వినబడింది. అది వింటూ నేను నోరు తెరవలేకపోయాను, ఈసారి ఏడుపుతో.

నా సిగ్గంతా పోయిందని చెప్పను. స్టేషనులో ఆ చివర నిలబడి చెయ్యి ఊపిన అమ్మ ఇంకా కళ్ళల్లోనే ఉంది, ఉండాలి కూడా. ప్రియులారా, మాట రాదని, మన మాట మంచిది కాదని వెనక్కి ఉండిపోయినవాళ్ళు మీలో ఉంటే, ఈ రోజే మీ ఇంటి మాటతో ఆయనతో ఒక్క ముక్క చెప్పండి. దిద్దకుండా చెప్పండి. మా అమ్మ మాట ఆయనకు ఎప్పుడో తెలిసింది, నాకే ఆలస్యమైంది. ఆయనకే స్తోత్రం.