మూడు నుంచి ఏడు దాకా

నాచారంలోని మా ఫ్యాక్టరీకి పవర్ హాలిడే గురువారం పడింది. కరెంటు లేని రోజే వారపు సెలవని నోటీసు అంటించి, ఆదివారాన్ని పనిదినం చేశారు. నా భార్య ఉప్పల్‌లో రెడీమేడ్ బట్టలు కుట్టేచోట పనిచేసేది. ఆమెకు సెలవు ఆదివారమే. నాది రెండో షిఫ్టు, మధ్యాహ్నం రెండు నుంచి పది దాకా. ఇద్దరికీ కలిసొచ్చే రోజు లేకుండా పోయింది.

రెండు నెలల తర్వాత ఆమె అంది: "నేనొక్కదాన్నే ఉంటున్ననని అనుకుంటుందట పక్కింటామె. జర ఒకపారి బయట నిలబడు, సూస్తది."

నవ్వాను గానీ ఆ మాట లోపల దిగబడింది.

నేను పదో తరగతి దాటలేదు. ఫ్యాక్టరీలో ఉత్పత్తి కాగితాలు నింపుతూ లెక్క నేర్చుకున్నాను. పాత క్యాలెండర్ వెనక గళ్లు గీశాను. వారానికి నూట అరవై ఎనిమిది గంటలు. పని నలభై ఎనిమిది, నిద్ర నలభై తొమ్మిది. చెంగిచెర్లలో మా ఇంటి నుంచి ఉప్పల్ చౌరస్తా, అక్కడ బస్సు మారి నాచారం. రానూపోనూ ఆరు రోజులకు పన్నెండు. మిగిలింది యాభై తొమ్మిది. అందులో ఇద్దరం ఇంట్లో మెలకువగా ఉండేది పద్నాలుగు. పనులు పోగా ఊరికే కూర్చునేది గంట కూడా లేదు.

ఆదివారం మొదటి షిఫ్టు, పొద్దున ఆరు నుంచి రెండు దాకా, చేస్తే మూడింటికి ఇంట్లో ఉండొచ్చు. ఏడింటికి ఆమె వంటకు లేవాలి. మూడు నుంచి ఏడు, నాలుగు గంటలు. ఆ షిఫ్టు ఉన్న తోటి పనివాణ్ని మార్చుకుందామా అని అడిగాను.

"తీస్కో అన్నా. గని నా బుధారం నైటు నువ్వు జెయ్యాలె. వదినను సినిమాకు తీస్కపోతవా ఏంది?"

"లేదు. ఊకె కూసుంటం."

"కూసునుటానికి గూడ షిఫ్టు మారుస్తవా!"

ఇంటికొచ్చి ఆమెతో, మూడింటికల్లా పనులు ముగించుకొమ్మని చెప్పాను. "గట్లనే" అంది. ఆ రోజు వెలిగిన ఆమె ముఖం ఇప్పటికీ గుర్తుంది.

మొదటి ఆదివారం చౌరస్తాలో మిర్చి బజ్జీలు కట్టించుకుని వెళ్లాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. పొయ్యి మీద చాయ్, దాని మీద మూత. ఆమె గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. లేపబుద్ధి కాలేదు. ఆరూ నలభైకి లేచి, "లేపకపోతివా?" అంది. బజ్జీలు చల్లారిపోయాయి. రెండో వారమూ అంతే, మూడో వారమూ అంతే.

నాలుగో వారం అడిగాను. "పొద్దున నేను పోయినంక జరసేపు పండుకుంటలేవా?"

"ఎప్పుడు పండుకోవాలె? నాలుగింటికి లేస్తే నీ డబ్బా, నల్లా నీళ్లు, వారం బట్టలు, గిర్నీల పిండి, కూరగాయలు. మూడింటికి ఒడగొట్టాలె గద. నువ్వే అంటివి."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

క్యాలెండర్ మళ్లీ తీశాను. అదివరకు ఆదివారం పొద్దున నీళ్లు పట్టేది నేను. గురువారం గిర్నీకి, కూరగాయలకు వెళ్లేదీ నేనే. ఇప్పుడు ఆదివారం తెల్లవారకముందే బయలుదేరుతున్నాను. బుధవారం నైటు చేసి వచ్చి గురువారమంతా పడుకుంటున్నాను. ఆ పనులన్నీ ఆమె మీద పడ్డాయి. నేను గీసిన గళ్లన్నీ నావే. ఆమె నిద్రకు ఒక్క గడీ లేదు. నేను సంపాదించాననుకున్న నాలుగు గంటలు ఆమె నిద్రలోంచి కోసినవి.

మరుసటి వారం ఆ షిఫ్టు తిరిగి ఇచ్చేశాను.

రాష్ట్రం వచ్చాక కొన్నాళ్లకు పవర్ హాలిడేలు పోయాయి. ఆదివారం మళ్లీ సెలవైంది, నాలుగు గంటలు కాదు, రోజంతా. పొద్దున నీళ్లు నేనే పట్టాను. మూడింటికి ఇద్దరం చాయ్ తాగి ఎదురెదురుగా కూర్చున్నాం.

"ఏమన్నా మాట్లాడు" అన్నాను.

"ఏం మాట్లాడాలె?" అని ఆమె నిజంగానే ఆలోచించింది. చాలాసేపు ఆలోచించింది. "గ్యాస్ బుక్ జేసినవా?"

"జేసిన."

గడియారం చూశాను. మూడూ ఇరవై. ఏడింటికి ఇంకా మూడు గంటల నలభై నిమిషాలు ఉంది.